మన వీధిలో సెల్ టవర్: భయపడవలసింది ఏది, అడగవలసింది ఏది?



వార్డుల్లో మందులు ఇచ్చేటప్పుడు, డిశ్చార్జి కాగితాలు రాసేటప్పుడు బంధువులు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్నలు రెండున్నాయి. మొదటిది: "సిస్టరుగారూ, మా పక్కింటి డాబా మీద సెల్ టవర్ పెట్టారు. మా అమ్మకి ఈ గడ్డ దానివల్లే వచ్చిందంటారా?" రెండవది: "మా డాబా మీద టవర్ పెడతామని ఫోన్ వచ్చిందండీ. లక్షల్లో అడ్వాన్సు ఇస్తారట. ఆపరేషన్ ఖర్చులకి పనికొస్తుంది, ఒప్పుకోమంటారా?" మొదటి ప్రశ్నలో భయం ఉంది, రెండవ దానిలో అవసరం ఉంది. రెండింటికీ జవాబు తెలియాలంటే టవర్ ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎక్కడ పెట్టాలో నిర్ణయించే నియమాలు ఏమిటో కొంత తెలుసుకోవాలి. ఈ పాఠం అందుకోసమే.

1. టవర్ నుంచి వచ్చేది ఏమిటి?

సెల్ టవర్ మీద ఉండే పొడవాటి పెట్టెల్లాంటివే యాంటెన్నాలు. వాటినుంచి రేడియో తరంగాలు వస్తాయి. ఇవి రేడియో, టీవీ ప్రసారాలలో వాడే తరంగాల కుటుంబానికి చెందినవే. ఎక్స్‌రే కిరణాలకు శరీర కణాల్లోని అణువులను విడగొట్టే శక్తి ఉంది. అందుకే ఎక్స్‌రే గదిలోకి గర్భిణీ స్త్రీలను రానివ్వము. రేడియో తరంగాలకు ఆ శక్తి లేదు. అవి మరీ ఎక్కువ మోతాదులో తగిలితే శరీరాన్ని వేడెక్కించగలవు. ప్రభుత్వాలు హద్దులు పెట్టేది ముఖ్యంగా దీనిని దృష్టిలో పెట్టుకునే.

యాంటెన్నా నుంచి తరంగాలు లైట్‌హౌస్ వెలుగులాగా ఎదురుగా, కొంచెం కిందికి వంగి వెళ్తాయి. లైట్‌హౌస్ మొదట్లో నిలబడిన మనిషి మీద వెలుగు పడనట్లే, టవర్‌కు సరిగ్గా కింద తరంగాల బలం తక్కువగా ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ ఆ బలం త్వరగా పడిపోతుంది. దూరం రెండింతలైతే బలం సుమారు నాలుగో వంతుకు దిగుతుంది. కాబట్టి చూడవలసింది యాంటెన్నాకు ఎదురుగా, దానితో సమానమైన ఎత్తులో, దగ్గరగా ఉన్న మేడ గదులను. టవర్ కింద ఉన్న ఇంటికంటే వాటి విషయమే ముఖ్యం.

2. జబ్బులకూ టవర్‌కూ సంబంధం ఉందా?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011 మే నెలలో రేడియో తరంగాలను "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు" అనే 2బి వర్గంలో చేర్చింది. పత్రికల్లో ఈ వార్త చదివి చాలామంది బెదిరిపోయారు. రుజువు పరిమితంగా ఉన్నప్పుడు, ఇంకా చదవవలసింది ఉన్నప్పుడు ఒక వస్తువును ఈ వర్గంలో ఉంచుతారు. రుజువు పూర్తిగా దొరికినవి మొదటి వర్గంలో ఉంటాయి. పొగాకు అక్కడుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కలిగించే హెచ్.పి.వి. 16 రకం వైరస్ కూడా అక్కడే ఉంది.

2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై జరిగిన పెద్ద సమీక్ష ఒకటి ప్రచురితమైంది. మొబైల్ ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదని అందులో తేల్చారు. టవర్ల వంటి ప్రసార కేంద్రాల వల్ల పిల్లల్లో రక్త క్యాన్సర్ పెరిగినట్లు కూడా కనబడలేదు. అయితే టవర్ల మీద జరిగిన పరిశోధనలు తక్కువ. హద్దులూ తనిఖీలూ కొనసాగాలి అనడానికి ఇదొక కారణం.

ఇక్కడ ఒక విన్నపం. "టవర్ వల్ల వచ్చింది" అనుకుని ఇల్లు మారితే గడ్డ తగ్గిపోతుందని నెలల తరబడి ఎదురుచూడకండి. నోటిలో మానని పుండు, రొమ్ములో గడ్డ, ముట్లు ఆగిపోయాక రక్తస్రావం, తగ్గని దగ్గు ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో కొందరు పెద్దమ్మలు చుట్టను నిప్పు నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. దానివల్ల అంగిలిలో క్యాన్సర్ వస్తుందని రుజువైంది. పక్క వీధి టవర్ గురించి ఆందోళన పడే ఇంట్లోనే చుట్ట, గుట్కా ఉంటే, ముందు మానవలసింది అవే.

3. టవర్ నియమాలు ఎవరి చేతిలో ఉన్నాయి?

చాలామంది అర్జీలు తిరిగి రావడానికి కారణం, ఒకరికి ఇవ్వవలసిన అర్జీ మరొకరికి ఇవ్వడం. ఎవరి పని ఏమిటో చూద్దాం.

కేంద్ర టెలికం శాఖ: తరంగాల హద్దును నిర్ణయించేది, కొలిచేది ఈ శాఖే. అంతర్జాతీయ సంఘం 900 మెగాహెర్ట్జ్ తరంగాలకు చదరపు మీటరుకు 4.5 వాట్లు అని హద్దు పెట్టింది. మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి దానిని పదో వంతుకు, అంటే 0.45 వాట్లకు తగ్గించింది. టవర్ ఎత్తు విమానాలకు, ఇతర వైర్‌లెస్ వ్యవస్థలకు అడ్డం కాకుండా చూసే సాక్ఫా అనుమతి కూడా కేంద్రం నుంచే రావాలి.

కేంద్రం 2013 ఆగస్టులో రాష్ట్రాలకు సలహా మార్గదర్శకాలు పంపింది. అందులో యాంటెన్నాకు ఎదురుగా, సమానమైన ఎత్తులో ఉన్న కట్టడానికి ఉండవలసిన దూరాలు ఇచ్చారు. ఒక యాంటెన్నా ఉంటే 20 మీటర్లు, రెండైతే 35, నాలుగైతే 45, ఆరైతే 55 మీటర్లు.

పంచాయతీ, మునిసిపాలిటీ: కట్టడం, స్థలం, భవనం భద్రత వీరి పరిధిలోవి. 2016 నవంబర్‌లో కేంద్రం దారి హక్కు నియమాలు తెచ్చింది. 2022 సవరణతో ప్రైవేటు స్థలంలో టవర్ పెట్టే కంపెనీ స్థానిక సంస్థ నుంచి అనుమతి తీసుకోనవసరం లేకుండా పోయింది. పని మొదలుపెట్టే ముందు భవనం వివరాలను, ఆ భవనం బరువు మోయగలదని స్ట్రక్చరల్ ఇంజినీరు ఇచ్చిన ధ్రువపత్రాన్ని రాతపూర్వకంగా అందజేయాలని ఆ సవరణలో పెట్టారు. 2023 టెలికం చట్టం కింద చేసిన కొత్త దారి హక్కు నియమాలు 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. కాబట్టి "పంచాయతీ వద్దంటే టవర్ ఆగిపోతుంది" అనే పాత నమ్మకంతో ఉండకండి. అలాగని మీకు అడిగే హక్కు లేదనీ అనుకోకండి. సమాచార హక్కు చట్టం, 2005 కింద ఆ ధ్రువపత్రం నకలు కోరుతూ దరఖాస్తు పెట్టవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

కాలుష్య నియంత్రణ మండలి: జనరేటర్ మోత, పొగ విషయాలు దీని కిందికి వస్తాయి.

4. ఆసుపత్రి, బడి దగ్గర టవర్ ఉండవచ్చా?

ఈ విషయంలో కోర్టులు ఒకే మాట చెప్పలేదు. 2006లో కేరళ హైకోర్టు చేమంచేరి గ్రామ పంచాయతీ కేసులో, శాస్త్రీయ ఆధారం లేని భయం ఒక్కటే టవర్‌ను నిరాకరించడానికి చాలదని చెప్పింది. 2012 నవంబర్‌లో రాజస్థాన్ హైకోర్టు ఆసుపత్రులు, బడులు, ఆట స్థలాల దగ్గరి టవర్లను తొలగించమని ఆదేశించింది. 2017లో గ్వాలియర్‌లో ఒక క్యాన్సర్ రోగి అర్జీ మీద సుప్రీంకోర్టు ఒక టవర్‌ను ఏడు రోజుల్లో ఆపివేయమంది. ఇవన్నీ ఆయా కేసులకు సంబంధించిన తీర్పులు. వాటిలో ఒకదానిని చూపించి దేశమంతటికీ అదే చట్టమని చెప్పలేము.

ఇంకొక సంగతి కూడా తెలుసుకోవాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట మన చేతిలోని ఫోన్ ఎక్కువ శక్తితో తరంగాలు పంపుతుంది. చెవికి ఆనుకుని ఉండేది ఫోనే కాబట్టి మన తలకు ఎక్కువ తగిలేది దాని నుంచే. అందువల్ల టవర్‌ను మరీ దూరంగా తరిమేస్తే తరంగాలు తగలడం తగ్గుతుందనుకోవడం సరికాదు. రాత్రివేళ అంబులెన్సుకు ఫోన్ కలవాలన్నా సిగ్నల్ కావాలి కదా.

5. మనం నిజంగా పట్టించుకోవలసిన ఇబ్బందులు

వార్డు కిటికీ పక్కన ఉండే రోగిని అడిగితే, కనబడని తరంగాల కంటే వినబడే జనరేటర్ గురించే ఎక్కువ చెబుతారు. కరెంటు పోతే కొన్ని టవర్ల దగ్గర డీజిల్ జనరేటర్ నడుస్తుంది. దాని పొగ ఆస్తమా ఉన్నవారికి, చంటిబిడ్డలకు హాని చేస్తుంది. రాత్రి మోత వల్ల నిద్ర చెడిపోయి రక్తపోటు ఉన్నవారు బాధపడతారు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలలో నివాస ప్రాంతానికి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ హద్దుగా పెట్టారు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. జనరేటర్‌ను శబ్దం తగ్గించే పెట్టెలో అమర్చారా, పొగ గొట్టం మీ కిటికీ వైపు ఉందా అని చూడండి.

రెండవ ఇబ్బంది పాత డాబా మీద బరువు. శ్లాబు నెర్రెలు ఇచ్చినా, వర్షానికి కారుతున్నా, టవర్ పెట్టిన తర్వాత కొత్త పగుళ్లు వచ్చినా ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా తెలియజేయండి. పిడుగుపాటు నుంచి రక్షణ, ఎర్తింగ్ సరిగా ఉన్నాయా అని కూడా అడగండి.

6. ఫిర్యాదు ఎలా చేయాలి?

మొదట సమస్య ఏదో ఒకటి తేల్చుకోండి. తరంగాల గురించి అనుమానమైతే కేంద్ర టెలికం శాఖ 2017 మే నెలలో ప్రారంభించిన "తరంగ్ సంచార్" వెబ్‌సైటులో మీ ప్రాంతపు టవర్ల వివరాలు చూడవచ్చు. 4,000 రూపాయల రుసుముతో మీ చోట కొలత తీయమని కోరే ఏర్పాటును కూడా అందులో పెట్టారు. మోత, పొగ అయితే కాలుష్య నియంత్రణ మండలికి, పోలీసులకు అర్జీ ఇవ్వండి. పగుళ్లు, బరువు అయితే పంచాయతీకి లేదా మునిసిపాలిటీకి ఇవ్వండి. ఏదీ కదలకపోతే కలెక్టరుగారికి అర్జీ పెట్టండి. తేదీలు, వేళలు, ఫోటోలు జతచేయండి. రసీదు తీసుకోవడం మరవకండి. "మాకు రోగాలొస్తున్నాయి" అని రాసిన అర్జీ కంటే "గత 12 రాత్రులు 11 గంటల నుంచి 2 వరకు జనరేటర్ నడిచింది" అని రాసిన అర్జీకి బలం ఎక్కువ.

7. అడ్వాన్సు ఇస్తామనే ఫోన్లు

మొదట్లో చెప్పుకున్న రెండవ ప్రశ్నకు వద్దాం. "మీ స్థలం ఎంపికైంది, లక్షల్లో అడ్వాన్సు, నెలనెలా అద్దె. ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు, ప్రభుత్వ పన్ను కట్టండి" అని చెప్పేవారు మోసగాళ్లు. టెలికం శాఖ గాని, టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ గాని టవర్ కోసం ప్రజల దగ్గర డబ్బు వసూలు చేయవు, నిరభ్యంతర పత్రాలు ఇవ్వవు. ఈ సంగతి అవి ఎన్నోసార్లు హెచ్చరించాయి కూడా. నిజమైన కంపెనీ స్థల యజమానికి అద్దె ఇస్తుంది గాని, ఎదురు ఫీజు అడగదు.

ఇంట్లో రోగి ఉన్నప్పుడు మన మనసు ఏ ఆశకైనా లొంగుతుంది. ఆపరేషన్ కోసం దాచిన డబ్బు, తాకట్టు పెట్టిన పుస్తెలతాడు మీద వచ్చిన డబ్బు ఇలా పోతే చికిత్సే ఆగిపోతుంది. డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి. ఎంత త్వరగా చెబితే అంత మేలు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. చికిత్స ఖర్చు గురించి బెంగగా ఉంటే ముందు డాక్టరుగారితోనో, ఆసుపత్రి కార్యాలయంలోనో మాట్లాడండి. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో అడిగి తెలుసుకోండి.

8. ఇంట్లో పాటించవలసినవి

- ఎక్కువసేపు మాట్లాడవలసి వస్తే ఇయర్‌ఫోన్ లేదా స్పీకర్ వాడండి.
- సిగ్నల్ తక్కువగా ఉన్నచోట మాటలు క్లుప్తంగా ముగించండి.
- పేస్‌మేకర్ అమర్చినవారు ఫోన్‌ను జేబులో ఛాతీ మీద పెట్టుకోకూడదు. కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. అటువైపు కాని చెవితో మాట్లాడాలి.
- పిల్లలను టవర్ కంచె లోపలికి, జనరేటర్ దగ్గరకు వెళ్లనివ్వకండి.
- యాంటెన్నా ఉన్న డాబా మీద హెచ్చరిక బోర్డు దాటి వడియాలు, బట్టలు ఆరవేయకండి.

ఇంట్లో అందరూ కలిసి చర్చించుకోండి

1. మన ఇంటికి దగ్గరి యాంటెన్నా ఎటు వైపు తిరిగి ఉంది?
2. మనకు ఇబ్బంది తరంగాలతోనా, మోతతోనా, పొగతోనా, కట్టడంతోనా? దానికి ఏ ఆఫీసుకు వెళ్లాలి?
3. టవర్ పేరు చెప్పి వాయిదా వేస్తున్న వైద్య పరీక్ష ఏదైనా మన ఇంట్లో ఉందా?

మూడవ ప్రశ్నకు "ఉంది" అనే జవాబు వస్తే, ఈ వారంలోనే రోగిని తీసుకురండి. సందేహం ఏదైనా వార్డులో ఉన్న నర్సును మొహమాటం లేకుండా అడగండి. దేవుడు మీ కుటుంబానికి ఆరోగ్యమును, సమాధానమును అనుగ్రహించుగాక.