చలికాలంలో చేపల తొట్టెకు వేడి



చేపకు సొంత ఒంటి వేడి అంటూ ఉండదు. నీరు ఎంత వెచ్చగా ఉంటే దాని ఒళ్లూ అంతే వెచ్చగా ఉంటుంది. నత్త సంగతీ అంతే. నీరు చల్లబడితే తిన్నది త్వరగా అరగదు, కదలిక మందగిస్తుంది, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఒంటి నిండా ఉప్పు చల్లినట్టు కనిపించే తెల్లమచ్చల రోగం చలికాలంలో ఎక్కువగా రావడానికి ఇదొక కారణం. అయితే నిలకడగా కొంచెం చల్లగా ఉన్న నీటికి చాలా చేపలు అలవాటు పడతాయి. మధ్యాహ్నం ఒకలా, తెల్లవారుజామున మరొకలా మారే నీటికి మాత్రం అలవాటు పడలేవు. ఈ ఊగిసలాటను ఆపడమే హీటరు అసలు పని.

కనుక హీటరు కొనే ముందు కొనవలసింది థర్మామీటరు. దాన్ని తొట్టెలో ఉంచి పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి కొన్నాళ్లు చూడాలి. తెల్లవారుజామున కూడా నీరు 24 డిగ్రీలకు తగ్గకుండా, రెండు పూటల మధ్య తేడా రెండు డిగ్రీల లోపే ఉంటే హీటరుతో పని లేదు. విశాఖ, విజయవాడ లాంటి చోట్ల తలుపులు మూసిన గదిలోని తొట్టెకు ఏడాదిలో చాలా నెలలు దాని అవసరమే రాదు. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులకు కావాలి. ఆదిలాబాదు, లంబసింగి వైపు చలికి అది తప్పనిసరి. గోల్డ్‌ఫిష్‌కు మాత్రం ఎక్కడా అక్కర్లేదు, 18 నుంచి 22 డిగ్రీలే దానికి హాయి. దాన్ని గప్పీలతో, ఏంజెల్ చేపలతో కలిపి పెంచడం అమ్మేవాళ్లకు లాభమే గాని ఆ చేపలకు కాదు.

గప్పీ, మోలీ, టెట్రా, ఏంజెల్ చేపలకు 24 నుంచి 27 డిగ్రీలు, ఫైటర్‌కు 25 నుంచి 28 డిగ్రీలు సరిపోతాయి. పసుపు రంగు చిప్పతో అమ్మే మిస్టరీ నత్త 20 నుంచి 28 దాకా తట్టుకుంటుంది. ఇవన్నీ కలిసి ఉన్న తొట్టెకు 25 డిగ్రీలు మంచి మధ్యస్థం. వెచ్చదనం పెరిగే కొద్దీ నత్త ఎక్కువ తింటుంది, త్వరగా ఎదుగుతుంది, అంతే త్వరగా ముసలిదై చస్తుంది. పైగా వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టగలిగితే, 30 డిగ్రీల నీరు ఏడున్నర మిల్లీగ్రాములే పడుతుంది. అందుకే హీటరు ఉన్న తొట్టెలో ఎయిర్ పంపు ఆగకూడదు.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెలో రాళ్లు, ఇసుక పోగా దాదాపు 50 లీటర్ల నీరు ఉంటుంది. లీటరుకు ఒక వాట్ అన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆ ప్రకారం 50 వాట్ల హీటరు ఈ నీటిని 5 డిగ్రీలు పెంచడానికి సుమారు 6 గంటలు తీసుకుంటుంది, గదిలోకి పోయే వేడిని కలుపుకుంటే ఇంకా ఎక్కువే. 100 వాట్లదైతే 3 గంటలు. చలి బాగా ఉండే ఊళ్లో రెండోదే నయం. అది పది గంటలు ఏకబిగిన వెలిగినా ఖర్చయ్యే కరెంటు ఒక్క యూనిట్.

ఇక స్నానం నీళ్లు కాచుకునే రాడ్. దాన్ని చేపల తొట్టెలో ఒక్క నిమిషం కూడా పెట్టకూడదు. 1500 వాట్ల రాడ్ 50 లీటర్ల నీటిని పావుగంటలో 6 డిగ్రీలు పెంచేస్తుంది, అది కూడా తొట్టె అంతటా సమానంగా కాదు. రాడ్ పక్కన నీరు మరుగుతుంటే అవతలి మూల చల్లగానే ఉంటుంది. చాలా రాడ్లలో తనంతట తాను ఆగే ఏర్పాటు ఉండదు. కొన్ని రాడ్ల తొడుగు రాగిదే, ఆ రాగి నీటిలోకి కాస్త దిగినా నత్తలకు విషం. కరెంటు ప్రమాదం సరేసరి. రాడ్ వేసిన బకెట్‌లో చెయ్యి పెట్టకూడదని ఇంటింటా తెలిసినా, అదే రాడ్‌ను చేపలున్న నీటిలో వేసేవాళ్లు ఇంకా ఉన్నారు.

అక్వేరియం హీటరు అంటే థర్మోస్టాట్, అంటే వేడి చాలాక తనంతట తాను ఆగే ఏర్పాటు, ఉండి, పూర్తిగా నీటిలో మునిగి ఉండేలా చేసినది. దాని మీద కనీస నీటిమట్టం గీత ఉంటుంది. నీరు ఆవిరై ఆ గీత కిందికి దిగితే, బయటపడ్డ గాజు విపరీతంగా వేడెక్కి పగులుతుంది. దాన్ని అడుగు భాగాన, అడ్డంగానో ఏటవాలుగానో, ఫిల్టరు నుంచి నీరు వచ్చే దారిలో బిగించాలి. ఇసుకలో పూడ్చకూడదు. థర్మామీటరు అవతలి చివర ఉండాలి. తొట్టెలో పెట్టాక అరగంట ఆగి, గాజు నీటి వేడికి వచ్చాకే ప్లగ్ పెట్టాలి. తీసేటప్పుడు ప్లగ్ పీకి మళ్లీ అరగంట ఆగాలి.

నత్తకు ఎక్కడానికి వీలున్న ప్రతిదీ దారే. సక్కర్ చేప కూడా హీటరుకు కరుచుకుని పడుకుంటుంది. రెండింటికీ ఒళ్లు కాలే ప్రమాదం ఉంది కాబట్టి హీటరు చుట్టూ ప్లాస్టిక్ జాలీ తొడుగు ఉండాలి. పిల్ల నత్తలు దూరి ఇరుక్కోనంత సన్నని సందులున్నది వెతకడం మంచిది. మిస్టరీ నత్త గాలి పీల్చడానికీ, గుడ్లు పెట్టడానికీ నీటి పైకి వస్తుంది. అందువల్ల వేడి నిలవడానికి పైన మూత పెట్టినా, నీటికీ మూతకీ మధ్య రెండంగుళాల ఖాళీ వదలాలి.

తొట్టె నుంచి వచ్చే తీగ ప్లగ్ కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లాలి. అప్పుడు తీగ మీదుగా జారిన నీటి చుక్క ప్లగ్‌లోకి పోకుండా కింద రాలిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సును తొట్టె కింద నేల మీద పెట్టడం మన ఇళ్లలో మామూలైపోయిన తప్పు. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి, లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించాలి. నీటిలో చెయ్యి పెట్టే ముందు హీటరు, ఫిల్టరు, లైటు అన్నింటి ప్లగ్‌లూ పీకేయడమే పద్ధతి. స్విచ్ ఆపితే చాలదు.

థర్మోస్టాట్ పాడైతే ఎక్కువగా ‘ఆన్’లోనే అతుక్కుపోతుంది, తెల్లారేసరికి చేపలు ఉడుకుతాయి. అందుకని ఒక 100 వాట్ల హీటరు కంటే రెండు 50 వాట్లవి మేలు. ఒకటి ఆగకుండా వెలిగినా నీరు అంత త్వరగా కాగదు, ఒకటి ఆగిపోయినా రెండోది కాస్తుంది. హీటరుకు విడిగా టెంపరేచర్ కంట్రోలర్ తగిలిస్తే ఇంకా భద్రం.

నీళ్లు మార్చేటప్పుడే చాలా తొట్టెలు దెబ్బతింటాయి. మేడ మీది ట్యాంకు నీరు జనవరి పొద్దున చల్లగా ఉంటుంది, అప్పుడే తోడిన బోరు నీరు దానికంటే వెచ్చగా ఉంటుంది. ఏ నీరైనా తొట్టె వేడికి ఒక డిగ్రీ అటూ ఇటూగా వచ్చాకే పోయాలి. మునిసిపల్ నీరైతే ముందుగా క్లోరిన్ పోగొట్టాలి. గీజరు నీటిలో లోహాలు కలిసి ఉండవచ్చు, నత్తలున్న చోట అది వద్దు. స్టవ్ మీద కాచిన నీరు కలుపుకోవచ్చు.

కరెంటు పోతే తొట్టె వెంటనే చల్లబడదు. వెనకా పక్కలా థర్మాకోల్ పలకలు పెట్టి, గాలి ఆడేలా దుప్పటి కప్పితే వేడి కొన్ని గంటలు నిలబడుతుంది. ఇన్వర్టర్ ఉంటే ముందు ఎయిర్ పంపుకు ఇవ్వాలి. గాలి అందకపోతే వచ్చే ముప్పు చలి కంటే త్వరగా వస్తుంది.

తెల్లమచ్చలకు నీటిని 30 డిగ్రీలకు పెంచడం, రాగి ఉన్న మందు వేయడం రెండూ వాడుకలో ఉన్న వైద్యాలే. మందుకు నత్తలు చచ్చిపోతాయి, వేడికి నీరసిస్తాయి. వాటిని ముందే వేరే గిన్నెలోకి మార్చాలి. చలికి నత్త తన చిప్ప మూత బిగించుకుని రోజంతా కదలకుండా ఉండవచ్చు. చచ్చిందో లేదో వాసన చూస్తే తెలుస్తుంది. చచ్చినదాన్ని వెంటనే తీయకపోతే అమ్మోనియా పెరిగి చేపలూ పోతాయి.

మార్చిలో తెల్లవారుజామున కూడా నీరు 25 దాటుతుంటే హీటరు తీసి, కడిగి, ఆరబెట్టి దాచాలి. గాజులో పగులు గాని, లోపల తేమ గాని, తీగ మీద చీలిక గాని కనిపిస్తే దాన్ని మరుసటి చలికాలానికి ఉంచకుండా పారేయాలి.