ఫ్యూషా: స్పెల్లింగ్ కష్టం, చలికాలం ఇంకా కష్టం



పోయిన నెల సెవెంత్ క్లాస్ స్పెల్లింగ్ టెస్ట్‌లో 'ఫ్యూషా' అనే పూలమొక్క పేరు ఇచ్చాను. చాలామంది తప్పు రాశారు. అక్షరాలు వరుసగా ఎఫ్, యు, సి, హెచ్, ఎస్, ఐ, ఎ. పిల్లలు ఎస్‌ని తెచ్చి సి కంటే ముందు పెట్టేస్తారు. లియోన్‌హార్ట్ ఫుక్స్ అని 16వ శతాబ్దంలో ఒక జర్మన్ వైద్యుడు ఉండేవారు. 1542లో మొక్కల మీద పెద్ద గ్రంథం వెలువరించారు. ఆయన ఇంటిపేరు రాసి చివర ఐ, ఎ కలిపితే స్పెల్లింగ్ వచ్చేస్తుంది. తమాషా ఏమిటంటే, ఆయన ఈ మొక్కను చూడనే లేదు. ఆయన పోయి వందేళ్లు దాటాక శార్ల్ ప్లూమియే అనే ఫ్రెంచ్ సన్యాసి కరీబియన్ దీవుల్లో దీన్ని చూసి, 1703లో అచ్చయిన పుస్తకంలో ఆ పేరు పెట్టారు.

టెస్ట్ అయ్యాక ఒక అబ్బాయి లేచి, "మేడమ్, ఇది ఇంగ్లాండ్‌లో మా పిన్ని దగ్గర ఉంది, కానీ చచ్చిపోయింది" అన్నాడు. వీడియో కాల్‌లో చూశాడట. ఎండాకాలంలో జూకాల్లా వేలాడిన ఎరుపు, ఊదా పూలు లేవు, ఒక్క ఆకు లేదు, కుండీలో ఎండు పుల్లలే. "పారేయి పిన్నీ" అని సలహా కూడా ఇచ్చేశాడు!

అది చావలేదు, నిద్రపోతోంది.

ఫ్యూషాల్లో చలికి తట్టుకునే రకాలు, తట్టుకోలేనివి రెండూ ఉన్నాయి. చిలీ, అర్జెంటీనాల దక్షిణ కొసన పుట్టిన మాగెల్లానికా రకం గట్టిది. ఐర్లాండ్ పడమటి తీరంలో రోడ్ల పక్కన కంచెల్లా పెరుగుతుంది. దాన్ని నాటేటప్పుడే కాండం రెండు మూడు అంగుళాలు మట్టిలోకి దిగేలా నాటుతారు. మంచుకు పై కొమ్మలు మాడినా మట్టి కిందనుంచి మళ్లీ చిగురిస్తుంది. ఎండిన కొమ్మల్ని వసంతం వరకూ కత్తిరించరు, అవే మొదలుకు దుప్పటి.

నాజూకు రకాల్ని మంచు పడకముందే గ్యారేజ్‌లోకో షెడ్‌లోకో చేరుస్తారు. కొమ్మల్ని మూడో వంతు తగ్గిస్తారు. లోపల చల్లగా ఉండాలి, కానీ గడ్డకట్టకూడదు. సుమారు 5 డిగ్రీలుంటే చాలు. ఆకులు రాలిపోతాయి, కంగారుపడక్కర్లేదు. ఇక్కడ పాడుచేసేది ఎక్కువగా ప్రేమే: ఎండిపోయిందని నీళ్లు పోస్తారు, వేర్లు కుళ్లిపోతాయి. మట్టి పూర్తిగా పొడిబారకుండా ఎప్పుడైనా కాసిని పోస్తే సరిపోతుంది. మార్చిలో వెలుతురులోకి తెచ్చి, కొత్త మట్టి వేసి, చిగుళ్లు కనిపించే చోటి వరకు కత్తిరిస్తారు. మే చివర్లో మంచు భయం పోయాకే బయట పెడతారు.

మన దగ్గర దీని శత్రువు చలి కాదు, ఎండ. ఊటీ 2,200 మీటర్లకు పైన ఉంది కాబట్టి అక్కడ హాయిగా పూస్తుంది. ఆ అందం చూసి నేనూ ఒక మొక్క హైదరాబాద్ తెచ్చుకున్నాను. ఏప్రిల్‌లో ఆకులు వాలిపోతే దాహమనుకొని రోజుకు రెండుసార్లు నీళ్లు పోశాను. మట్టి తడిగానే ఉంది, వేడికి వాలిందని నాకు తెలియలేదు. పది రోజుల్లో పోయింది. ఊటీ ట్రిప్‌కి వెళ్లేవారు ఫొటో తెచ్చుకోండి, చాలు.

ఈ నెల పిల్లలతో ఒక చిన్న పని చేయించండి. బాల్కనీలో ఎండినట్టున్న మందారమో గులాబీయో ఉంటే, కొమ్మ మీద బియ్యపు గింజంత మేర గోరుతో గీకమనండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి వచ్చి మళ్లీ గీకాలి. పైన పోయినా మొదట్లో పచ్చదనం ఉండొచ్చు. చూసింది ఇంగ్లీష్‌లో ఐదు వాక్యాలు రాసి తెస్తే క్లాస్‌లో చదివిస్తాను.

పిన్నిగారి కుండీ ప్రస్తుతం గ్యారేజ్‌లో ఉంది. ఆవిడ కూడా గీకి చూశారట, పచ్చగానే ఉందట. ఏప్రిల్‌లో ఇంకో వీడియో కాల్ చేయించమని ఆ అబ్బాయి అమ్మగారికి డైరీలో రాసి పంపాను.