గుజిరీ అంగట్లో పాత మట్టి

1. మన అనంతపురంలో పింగాణీ బీరువాల కోసం వెతకొద్దు. ఈ నేల మీద ఇళ్లు దాచుకున్నది నీళ్లనూ గింజలనూ. దొరికేవి బానలు, దుత్తలు, ఊరగాయ జాడీలు, ఇసుర్రాళ్లు. కరువొచ్చిన ఏడు మొదట గడప దాటేది కంచూ ఇత్తడీ. 1876-78 ధాత కరువు నుంచీ ఈ సీమలో అదే వరస. మట్టి బానను ఎవరూ తాకట్టు పట్టుకోరు, అందుకే అది మూలన మిగిలింది. ఇప్పుడు బెంగళూరుకు వలసపోయే కుటుంబాలు ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆ మూల కూడా గుజిరీ బండెక్కుతోంది. నా బాధంతా అక్కడే.

2. జాడీ కనబడితే బోర్లించి అడుగు చూడండి, భుజం చుట్టూ చూడండి. ముద్ర ఉంటే ఏ ఊరి బట్టీలో కాలిందో తెలుస్తుంది. బెంగాల్లోని రాణిగంజ్‌లో బర్న్ కంపెనీ కాల్చిన సామాను మీద ఆ పేరే ఉంటుంది. ముద్ర లేకపోతే గోధుమరంగు ఒంటిని వేళ్లతో నిమరండి. నారింజ తొక్క మీదలాగా సన్నని గుంతలు తగిలితే అది ఉప్పు మెరుగు జాడీ. బట్టీ 1200 డిగ్రీలు దాటాక అందులోకి ఉప్పు చల్లుతారు. ఉప్పులోని సోడియం మట్టిలోని ఇసుక గుణంతో కలిసి జాడీ ఒంటినే గాజు చేస్తుంది. పైన పూసిన పూత కాదు గనుక ఊడిపోదు. ఆవకాయ పులుపూ ఉప్పూ ఏళ్ల తరబడి తిన్నా దానికేమీ కాదు.

3. వేలి కణుపుతో తట్టి వినండి. ఖంగుమంటే మంచిది, బొంగురు పోతే ఎక్కడో చీలిక ఉంది. అనుమానముంటే నీళ్లు నింపి రాత్రంతా పొడి బూడిద మీద పెట్టండి. తెల్లారి బూడిదే చెబుతుంది.

4. ధర అడిగే ముందు ఏ ఊరు, ఎవరిల్లు అని అడగండి. సారె బిందెల మీద పేర్లు చెక్కించడం మనకు అలవాటు. ఆ పేరు చెరిగిపోయేలా తోమించొద్దు. అంగడాయన చెప్పిన ఊరి పేరు చీటీ మీద రాసి లోపల వేయండి. ఊరూ ఇల్లూ తెలియని బిందె తూకానికి వచ్చే ఇత్తడిగానే మిగులుతుంది.

5. శేర్లు, పడులు కనబడితే వదలొద్దు. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాక వాటిని కరగబెట్టేస్తూనే ఉన్నారు.

6. ఇది మాత్రం గట్టిగా చెబుతాను. లోపలా అంచూ నలుపు, కింద ఎరుపు ఉన్న పెంకుల్ని ఎవరైనా గోనెసంచిలో తెచ్చి చూపిస్తే కొనొద్దు. అవి రాక్షసగుళ్ల కాలపువి, ఇనుము కొత్తగా వాడుకలోకి వచ్చిన రోజుల నాటి సమాధుల్లో పెట్టినవి. కళ్యాణదుర్గం వైపు ముదిగల్లులో అలాంటి బండల గుళ్లున్నాయి. అటువైపే పాలవాయిలో అంతకన్నా పాత బూడిదదిబ్బ ఉంది, కొత్త రాతియుగపు పశువుల కాపరులది. పక్కన ఏ ఎముక ఉంది, ఏ లోతులో ఉంది అన్నదే ఆ కుండ విలువ. గడ్డపారతో పీకితే ఆ సంగతి పోతుంది, మళ్లీ ఎవరూ తిరిగి తేలేరు. కొనేవాడున్నంత కాలం తవ్వేవాడుంటాడు నాయనా. చట్టమూ ఊరుకోదు. భూమిలో దాగి పది రూపాయల విలువ దాటినది ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం ఇంకా అమల్లో ఉంది. తహసీల్దారుకు చెప్పండి. మన ఊళ్లోనే పురావస్తు మ్యూజియం ఉంది, ఆ కుండలు అక్కడ చూడండి.

7. అమెరికా పిల్లలు నాయనమ్మ సామాను పట్టుకెళ్తామంటారు. వందేళ్లు దాటిన కళాకృతుల్ని, పాత వస్తువుల్ని 1972 చట్టం ప్రకారం ఎవరికి వారు దేశం దాటించకూడదు. వయసు మీద అనుమానముంటే, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి పత్రం తీసుకున్నాకే సూట్‌కేసులో పెట్టమనండి.

8. కొన్న జాడీని అద్దాల బీరువాలో పెట్టొద్దు, ఊరగాయ పెట్టండి. రంగురంగుల మెరుగున్న పాత గిన్నెల్లో మాత్రం పులుపు వద్దు, కొన్ని మెరుగుల్లో సీసం ఉంటుంది. మట్టి కుండకు తెల్లగా ఉప్పు పొంగితే గీకకుండా వాననీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చుతూ ఉండండి. మన బోరునీళ్లు పనికిరావు, వాటిలోనే ఉప్పు ఎక్కువ.