పికప్ ఘాట్‌లోనే ఎందుకు వేడెక్కుతోంది?

ప్రశ్న: మా డీజిల్ పికప్ హైవేలో బాగానే పోతుంది. లోడుతో ఘాట్ ఎక్కినా, ట్రాఫిక్‌లో ఆగినా టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. ఫ్యాన్ క్లచ్ మార్చాలంటున్నాడు మెకానిక్. నిజమేనా?

జవాబు: అనుమానం సబబే. వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. నెమ్మదిస్తే భారమంతా ఫ్యాన్ మీదే. క్లచ్ లోపల చిక్కటి సిలికాన్ ఆయిల్ ఉంటుంది. రేడియేటర్ నుంచి వేడిగాలి తగలగానే ముందున్న లోహపు చుట్ట కదిలి వాల్వు తెరుస్తుంది, ఆయిల్ పట్టు బిగించి ఫ్యాన్‌ను తిప్పుతుంది. ఆ ఆయిల్ కారిపోతే పట్టు ఉండదు.

ఇంజన్ బాగా వేడెక్కాక ఆపేసి, తాళం చెవి తీసి, బ్లేడును చేత్తో తిప్పండి. గట్టిగా అడ్డుకోవాలి. గిరగిరా తిరిగిందా, క్లచ్ పోయినట్టే. క్లచ్ చుట్టూ జిడ్డు చారలున్నా అంతే. బ్లేడు ముందుకూ వెనక్కూ ఊగితే బేరింగ్ అరిగింది. వాటర్ పంపు బేరింగ్ కూడా చూపించండి. తిరుగుతున్న ఫ్యాన్‌లో పేపరు చుట్ట పెట్టి చూసే వాళ్లున్నారు, దయచేసి వద్దు.

అయితే కొత్త క్లచ్ కొనేముందు కూలెంట్ మట్టం, థర్మోస్టాట్ చూసుకోండి. రేడియేటర్ రెక్కల్లో దుమ్ము, గడ్డి పేరుకున్నా ఇవే లక్షణాలు. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తీయకండి.