రేకుల ఇంటికి తెల్లరంగు... ఖర్చెవరిది?

ప్రశ్న: మా బస్తీలో అన్నీ రేకుల ఇళ్లే. ఎండాకాలం మధ్యాహ్నం లోపల కూర్చోలేం. చల్లని పైకప్పుకి ప్రభుత్వ సాయం దొరుకుతుందా? – ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: తెలంగాణ 2023లోనే చల్లని పైకప్పుల విధానం తెచ్చిందమ్మా. ప్రభుత్వ భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి. చిన్న ఇళ్లకు మాత్రం ఐచ్ఛికం. అంటే ఎక్కువ ఉడికిపోయేవాళ్లనే వాళ్ల ఇష్టానికి వదిలేశారు! నాకిది తలకిందుల వ్యవహారంగానే కనిపిస్తుంది.

ఫలితం మాత్రం అనుమానం లేనిది. 2017లో నగరంలోని దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్లపై తెల్లటి పొర పరిచి చూస్తే, లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది.

డబ్బుకు ఒక దారి ఉంది. 15వ ఆర్థిక సంఘం సిఫార్సు ప్రకారం రాష్ట్ర విపత్తు నిధుల్లో 20 శాతం ముప్పు తగ్గించే పనులకు కేటాయించాలి. వడగాడ్పును తెలంగాణ 2025లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది కూడా. కాబట్టి చల్లని పైకప్పులకు ఆ నిధుల నుంచి సాయం అడగొచ్చు. అయితే ఒక్కరుగా వెళ్లకండి. మహిళా సంఘం తరఫున ఎన్ని ఇళ్లు, ఒక్కో కప్పు కొలత ఎంత, తుప్పు పట్టిన రేకులెన్ని (వాటిమీద రంగు నిలవదు) రాసుకుని, కలెక్టరుకూ కార్పొరేషన్‌కూ అర్జీ ఇవ్వండి. రసీదు తీసుకోవడం మరవకండి.