కొర్రమీను తగ్గుదల: చెఱువుక్రింది రైతులు గమనింపవలసిన సంగతులు

నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతములలో గాలము వేయు అలవాటు గలవారిని కదలించినచో ఒకే మాట వినవచ్చును: పూర్వము కొర్రమీను లేని కుంట యుండెడిది కాదు, ఇప్పుడు ప్రొద్దుటినుండి సందెవరకు గట్టున కూర్చున్నను బెండు మునుగదు. గాలమువాడు తప్పిపోయిన చేపను ఎప్పుడును జానెడు పొడిగించియే చెప్పును గనుక ఈ మాటలో కొంత తరుగు తీసివేయవచ్చును. తీసివేసిన పిమ్మట మిగులునది సత్యమే. నేడు సంతలో అమ్మకమగు కొర్రమీనులలో చాలభాగము గుంటలలో మేతవేసి పెంచినవి. ఊరిచెఱువున తానుగా పుట్టి పెరిగినది అరుదైనది.

చేప సంగతి రైతునకెందుకని కొందరు తలపవచ్చును. చెఱువుమీది హక్కు సర్కారుది, పట్టెడి హక్కు పాటదారునిది, తినెడి హక్కు సొమ్ము గలవానిది అని అందురు. కాని కొర్రమీను గ్రుడ్లుపెట్టు చోటు చెఱువు నడిమిలోతున లేదు. అది అంచున, జమ్ము తుంగ పెరిగిన మోకాలిలోతు నీటిలో, అనగా రైతుయొక్క మడికట్టు ప్రక్కననే యున్నది. అందుచేత ఈ చేప మేలుకీడులు రైతుచేతిలో ఉన్నంతగా మఱి యెవ్వరిచేతిలోను లేవు.

ఈ చేపను గుర్తించుట కష్టము కాదు. ఒడలు గుండ్రము, తల పాముతలవలె పొలుసులతో కూడినది, వీపు నలుపు, పొట్ట తెలుపు, నోరు వెడల్పు, పండ్లు వాడి. ఇంగ్లీషువారు దీనిని పాముతలచేప యందురు. అనువాదము చేయువానికి ఆ పేరు సులభమేగాని తినువానికి రుచింపదు. మన పేరే మేలు. కొన్ని తావుల కొరమీను, కొర్రమట్ట యనియు అందురు. మట్టగిడస దీని జాతిలోనిదే గాని చిన్నది. కృష్ణ లోతుమడుగులలో ఉండు పూమీను ఇదే జాతిలో మిక్కిలి పెద్దది. ముల్లు తక్కువగుటచేతను, బుట్టలో గంటలకొలది ప్రాణముతో నుండుటచేతను దీనికి ధర యెక్కువ. మృగశిరకార్తె ప్రవేశించిననాడు హైదరాబాదులో బత్తినివారు ఉబ్బసరోగులకు మ్రింగించు చేపమందున వాడునది బ్రతికియున్న కొర్రమీను పిల్లయే. తెలంగాణ రాష్ట్రము 2016లో దీనిని తన రాష్ట్రపు చేపగా స్వీకరించినది.

ఇతర చేపలకు లేని సౌకర్యమొకటి దీనికి కలదు. మొప్పలపైభాగమున గాలి నింపుకొను అర యొకటి యుండును. అప్పుడప్పుడు నీటిపైకి వచ్చి గాలి మ్రింగనిదే ఇది బ్రతుకజాలదు. పైకి రానీయక వలతో అదిమిపట్టినచో నీటిలోనే ఊపిరాడక చచ్చును. ఆ సౌకర్యముచేతనే నీరు చెడినను, ఇంకినను నిలువగలదు. వేసవిలో చెఱువు ఎండి నెఱ్ఱెలు విచ్చుచున్నను అడుగు బురదలో ఒదిగియుండి తొలకరికొఱకు ఎదురుచూచును. వాన కురిసిన రాత్రి తడిసిన పచ్చికమీదను, గట్టుమీదను పాముకొనుచు ఒక కుంటనుండి మఱియొక కుంటకు పోవును.

పలనాటివంటి సీమకు ఇంతకంటె తగిన చేప యేది? నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది; 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. అంతకుపూర్వము ఇది జొన్న, సజ్జ, వరిగ పండు మెట్ట. శ్రీనాథుని పేర వాడుకలోనున్న చాటువులు ఈ సీమ జొన్నకూటిని, నీటియెద్దడిని ఎట్లు ఎగతాళి చేసినవో చదువరు లెఱుగుదురు. నాగులేరువంటి వాగులు వర్షాకాలమున పొంగి వేసవిలో మడుగులుగా మిగులును. రెంటచింతల యెండకు తక్కిన చేపలు నశించినను, కొర్రమీను మాత్రము బురదలో తల దాచుకొనెడిది. నీరు లేనినాడు ఇన్ని తరములు బ్రతికిన చేప, కుడికాలువ నీరు వచ్చి మాగాణి పెరిగిన పిమ్మట తగ్గినది. ఇది వింతగా దోచును. కారణము నీటిలో లేదు. నీటితోపాటు వచ్చిన పనులలో ఉన్నది.

ముందుగా దీని కాన్పు సంగతి తెలియవలెను. తొలకరివానలకు చెఱువు నిండ మొదలిడగానే, మృగశిర ఆరుద్ర కార్తెలనుండి, ఆడుది మగది జతగూడి అంచునగల తుంగను, నాచును తొలగించి పళ్ళెమంత తావు శుభ్రపఱచును. అందు ఆడుది పెట్టు గ్రుడ్లు పసుపువన్నెతో నీటిపై తేలుచుండును. ఒకదినము, ఒకటిన్నర దినములో పిల్లలగును. పిల్లలు ఎఱ్ఱగా, నిప్పుకణముల రాశివలె ఒకే గుంపుగా తిరుగును; ఆ గుంపు ఒక్కుమ్మడిగా పైకివచ్చి గాలి మ్రింగునప్పుడు నీరు సన్నగా చిటపటలాడును. తల్లిదండ్రులు గుంపుక్రిందనే యుండి కావలికాయును. కప్ప వచ్చినను, పాము వచ్చినను పైబడి తఱుమును. ఇట్లు సుమారొక మాసము కాచిన పిదప పిల్లలు ఎఱుపు పోయి నల్లబడి విడిపోవును. చేపలలో అనేకము గ్రుడ్లుపెట్టి తమదారిని తాము పోవునవే. సంతానమును ఇంత శ్రద్ధతో సాకునవి కొద్ది.

ఆ శ్రద్ధయే దానికి చేటు తెచ్చుచున్నది. గాలమువారు ఎఱ్ఱపిల్లల గుంపును వెదకి, దానినడుమకు కప్పను గ్రుచ్చిన గాలము విసరుదురు. ఆకలిలేకున్నను తల్లి చేప ఆ కప్పను పిల్లలమీదికి వచ్చిన శత్రువని తలచి నోటబట్టును. అరగడియలో మగదియు అట్లే చిక్కును. ఇంటికి రెండుచేపలు వచ్చును. చెఱువులో వేలకొలది పిల్లలు దిక్కులేనివగును. పరిగెలు, నీటిపురుగులు, కొంగలు వానిని కొద్దిదినములలో తుడిచిపెట్టును. కొందరు ఎఱ్ఱపిల్లలనే జల్లెడవలతో ఎత్తి పెంపకమునకు అమ్ముదురు. చేపలు లేవని ఫిర్యాదుచేయు గాలమువారిలో ఈ పద్ధతిని నేర్పుగా చెప్పుకొనువారు పెక్కురున్నారు. వారి దుఃఖము నిజమే గాని, దానిలో వారి వంతు కూడ కలదు. ఇతరకాలములలో గాలము వేయుట వలన చెఱువునకు పెద్దనష్టము లేదు. గాలము ఒక్కొక్కచేపనే పట్టును, విడిచిపెట్టుటకు వీలిచ్చును, ఊరి కుఱ్ఱవాండ్రకు ఓర్పు నేర్పును.

ఈ సంగతి ఇప్పుడు క్రొత్తగా కనిపెట్టినది కాదు. ఫ్రాన్సిసు డే అను వైద్యుడు దొరతనమువారి యుత్తర్వుపై దేశమందలి మంచినీటి చేపలనుగూర్చి విచారణచేసి 1873లో నివేదిక ప్రకటించెను. అందులకై కలెక్టర్లవద్దనుండియు తహశీలుదార్లవద్దనుండియు ప్రత్యుత్తరములు తెప్పించెను. కాన్పుచేపలను, పిల్లలను సన్నకన్నుల వలలతో ఊడ్చుటయే చేపలకు కఱవు తెచ్చుచున్నదని ఆయన వాదము. 1897వ సంవత్సరపు మత్స్యశాసనము నీటిలో మందుగుండు పేల్చుటను, విషము కలుపుటను నేరములుగా చేసినది. మూలశాసనములో శిక్ష రెండుమాసముల ఖైదు, లేక రెండువందల రూపాయల జుల్మానా. ఆనాడు విద్యుత్తు పల్లెలకు రాలేదు గనుక నేడు మోటారుతీగెనుండి కరెంటు లాగి నీటిలో పెట్టు దుష్టపద్ధతి ఆ శాసనకర్తల యూహకు అందలేదు. అది చేపను, పిల్లను, కప్పను, ఒక్కొక్కప్పుడు పట్టవచ్చిన మనుష్యుని గూడ చంపును. తన పంపుసెట్టునుండి ఇట్టి తీగె లాగనిచ్చు రైతు ఆ ప్రాణములకు బాధ్యుడు.

ఇక రైతు వంతునకు వత్తము. ప్రత్తి, మిరప సేద్యము పెరిగినకొలది ఈ ప్రాంతమున పురుగుమందు వాడకము మితిమీరినది. 1987లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిని పాడుచేసినప్పుడు మందుపై మందు చల్లి అప్పులపాలైన కుటుంబముల కష్టము పెద్దలకు జ్ఞాపకముండును. పైరుపై చల్లినది వానకు కడుగబడి పంటబోదెలద్వారా చెఱువుఅంచునకే చేరును. చేపలకు మిక్కిలి విషకరమైన ఎండోసల్ఫానును సుప్రీంకోర్టువారు 2011 మే 13వ తేదీన దేశమంతట నిలుపుదల చేసిరి. కాని సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ మొదలగునవి చేపల విషయమున తక్కువ తినినవి కావు. అత్యల్పమాత్రము కలిసినను చంపును. డబ్బామీది రంగుత్రికోణమును చూచి మోసపోరాదు. ఆ రంగు మనుష్యులకు, పశువులకు గల విషతీవ్రతను చెప్పునేగాని చేపకు గలదానిని చెప్పదు. నీలిత్రికోణపు మందు సయితము చేపకు కాలకూటము కావచ్చును. పెద్దకొర్రమీను గాలి మ్రింగి చెడునీటిలో నిలువగలదు గాని విషమునకు నిలువలేదు. పసిపిల్లకు గాలిఅర యింకను ఏర్పడియుండదు గనుక అది చెడునీటికిని నిలువలేదు. చల్లుడుడబ్బాను చెఱువులో ముంచి నింపుట, పని ముగిసినపిదప రేవున కడుగుట, ఖాళీసీసాలను బోదెలో పారవేయుట, ఈ మూడు పనులు మానినంతనే సగము హాని తప్పును. దానికి దమ్మిడీ ఖర్చు లేదు.

రెండవది చెఱువుఅంచు. పూడికతీత మంచిపనియే. నీరు–చెట్టు పనులు 2015లో ఆరంభమైనప్పుడు అనేకచెఱువుల మట్టి పొలములకు తరలినది; ఆ మట్టి విలువ రైతునకు చెప్పనక్కఱలేదు. కాని యంత్రముతో అంచునుండియే నిలువుగా గోడవలె త్రవ్వినచో, గ్రుడ్లుపెట్టు మోకాలిలోతు నీరు మిగులదు. శిఖము ఎండగానే అంచువఱకు దున్ని పైరుపెట్టుటయు అట్టిదే. త్రవ్వుచో ఒకప్రక్కన పదిబారల తావును ఏటవాలుగా, తుంగతో విడిచిపెట్టవలెను. నట్టనడుమ ఒక గుంటను మఱికొంత లోతుచేసినచో వేసవిలో బురద నిలుచును.

మూడవ సంగతి పాట. కచ్చేరి కాగితములలో చేప అగపడునది ఒక్కచోటనే, పాటసొమ్ము జమకట్టు పద్దులో. పాటదారుడు బొచ్చె, రాగండి, మోసు పిల్లలను తెచ్చివిడుచును. కొర్రమీను ఆ పిల్లలను తినును గనుక అతనికి శత్రువు. పిల్లలను విడుచుటకుముందు గుంటలలో ఇప్పచెక్క వేసి తినుచేపలనన్నిటిని చంపుట పెంపకపు పద్ధతులలో నొకటి. ఎకరమునకు టన్ను లెక్కను వేయుదురు. పెంపకపు గుంటలో అది న్యాయమే. ఊరుమ్మడి చెఱువులో న్యాయము కాదు. అరచేతియంత పెరిగిన పిల్లలను తెచ్చి విడిచినచో కొర్రమీనువలన నష్టము స్వల్పము. పాటగడువు ఒక్కయేడే యైనచో పాటదారుడు కడపటినీటిని తోడించి బురదలోనిదానిని కూడ త్రవ్వితీయును. మఱుసటియేటికి విత్తనము మిగులవలెనను చింత అతనికేల యుండును?

తెగులును గూడ మఱువరాదు. పుండ్లరోగము 1988లో ఈశాన్యరాష్ట్రములలో ప్రవేశించి తరువాతి యేండ్లలో దేశమంతట వ్యాపించినది. ఒకజాతి బూజు దీనికి మూలము. చలికాలమున చేప ఒడలిపై ఎఱ్ఱని మచ్చలు లేచి పుండ్లై మాంసము కుళ్ళును. కొర్రమీను, మట్టగిడస, పరిగె దీనికి త్వరగా లోబడును. వర్షాకాలము వెళ్ళినపిదప నీటికి సున్నము చల్లుట ముందుజాగ్రత్త. రోగము కనబడినప్పుడు భువనేశ్వరపు మంచినీటి మత్స్యపరిశోధనాలయమువారు కల్పించిన సిఫాక్సు అను మందు వాడుదురు. హెక్టారు విస్తీర్ణము, మీటరు లోతు గల నీటికి ఒక లీటరు. మందు వేయుటకుముందు మత్స్యశాఖవారిని సంప్రతించుట మంచిది. పుండ్లుపడిన చేపను మఱియొక చెఱువునకు తీసికొనిపోరాదు. దానిని పట్టిన వలను ఎండలో బాగుగ ఆరవేయక వేఱొకచోట వేయరాదు.

పై పనులలో కొన్ని ఒక్కొక్క రైతు చేయగలిగినవి. పాటవిషయము మాత్రము ఆయకట్టుదారులందఱు కలిసి, గ్రామపంచాయతీ గాని మత్స్యకారసంఘము గాని పాట నిర్ణయించుటకుముందే మాటాడవలసినది. కాగితముమీద లేని షరతు పాటదారుని కట్టుపఱుపదు. అందుచే ఈ క్రింది మాదిరిని ఇచ్చుచున్నాము. చెఱువు పేరు, హద్దులు చేర్చి వాడుకొనవచ్చును.

“పాటదారుడు జూన్ 8వ తేదీ మొదలు ఆగస్టు 15వ తేదీ వఱకు ఈ చెఱువుఅంచున పదిబారలలోపల వల గాని గాలము గాని వేయరాదు, వేయనీయరాదు. ఎఱ్ఱపిల్లల గుంపును గాని దానిని కాచుచున్న చేపలను గాని ఏ విధమునను పట్టరాదు. చెఱువునీటిలో ఇప్పచెక్క, విషపదార్థములు వేయరాదు, విద్యుత్తు ప్రయోగింపరాదు. వేసవిలో నడిమిగుంట నీటిని తోడరాదు, ఆ గుంట బురద త్రవ్వరాదు. పాటగడువు మూడుసంవత్సరములు. ఆయకట్టు రైతులు చల్లుడుడబ్బాలను ఈ చెఱువులో ముంచుట, కడుగుట చేయరు. చేసినచో పాటదారుడు పంచాయతీకి ఫిర్యాదుచేయు హక్కు గలవాడు.”