విరామము తరువాత మరల ఆట



గడచిన వేసవిలో ఒక సాయంకాలమున మా సంఘ యౌవనస్థుడొకడు వచ్చి, మా యింటి అరుగుమీద కూర్చుండి, "అయ్యగారూ, మోకాలు బాగైంది. ఆటే పోయింది. మళ్ళీ వస్తుందంటారా?" అని అడిగెను. అతడు కబాడీ ఆటగాడు. జగ్గయ్యపేటకు నందిగామకు నడుమనున్న గ్రామములలో క్రిస్మసు మొదలు సంక్రాంతి వరకు జరుగు పోటీలలో అతని కూత విన్నవారు మన పాఠకులలో కొందరుందురు. మోకాలి దెబ్బచేత ఒక యేడాది పైగా మైదానమునకు దూరమైయుండెను. అతని ప్రశ్నకు ఆ దినమున మేము జవాబు చెప్పలేకపోతిమి. ఎందుకు చెప్పలేకపోతిమో క్రింద వ్రాసెదము.

జవాబు వెదకుచుండగా మాకు బొత్తిగా తెలియని యొక ఆటలో ఒక తెలుగువారి బిడ్డ సంగతి కనబడెను. అమెరికాలో ఉద్యోగము చేయుచు సెలవులకు ఇంటికి వచ్చిన మన సంఘస్థుడొకరు మొదట చెప్పిరి. పిమ్మట మేమును చదివి తెలిసికొంటిమి.

ఆ ఆట గోల్ఫు. మన పల్లెలలో అది లేదు. హైదరాబాదులో గోల్కొండ కోట ప్రక్కన అట్టి మైదానమొకటి కలదు. పచ్చిక పెంచిన విశాలమైన నేలమీద 18 గుంటలుండును. చిన్న తెల్లని బంతిని కర్రతో కొట్టుచు వరుసగా ఒక్కొక్క గుంటలో వేయుచు పోవలెను. గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు, ఇంచుమించు మన నీళ్ళచెంబు మూతి పాటిది. కొట్టుచోటికి గుంటకు ఒక్కొక్కప్పుడు 500 మీటర్ల దూరముండును. అందరికంటె తక్కువ దెబ్బలతో ముగించినవాడు గెలుచును. ఎక్కువ కూడబెట్టినవాడే గెలుచు ఆటలెరిగిన మనకిది తలక్రిందుల లెక్క. బిళ్ళంగోడు ఆడినవారికి మాత్రము దెబ్బ మర్మము తెలియును. కర్ర బంతిని తాకియుండు కాలము సెకనులో రెండువేలవ వంతు. ఆ క్షణమున కర్ర ముఖము ఒక్క డిగ్రీ ప్రక్కకు తిరిగిన చాలును, 250 మీటర్లు పోవుసరికి బంతి 4 మీటర్లకు మించి తొలగిపోవును. చెరువు గట్టుననుండి అవతలి గట్టున ఉన్న చెంబును గురిచూచుట వంటి పని యిది.

ఆ ఆటగాని పేరు సాహిత్ తీగల. 1997 డిసెంబరులో కాలిఫోర్నియా రాష్ట్రములో పుట్టెను. తలిదండ్రులు హైదరాబాదునుండి వెళ్ళి అక్కడ స్థిరపడినవారు. అతని వెన్నెముకకు వంకర యున్నది. అందుచేత అతడు కర్ర త్రిప్పు తీరు ఇతరుల తీరువలె తిన్నగా నుండదు. అయినను ఆ దేహముతోనే తనకు తగిన దెబ్బ నేర్చుకొనెను. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయములో చదువుచుండగా మణికట్టుకు శస్త్రచికిత్స జరిగి, 2018-19 ఆటల సంవత్సరమంతయు పోటీలకు దూరమాయెను. తిరిగి వచ్చి ఆడిన ఆటకు 2020లో ఆ దేశపు కళాశాల గోల్ఫులో పేరుపడిన మూడు బహుమానములును అతనికే దొరకెను. వృత్తి ఆటగాడైన పిమ్మట 2022లో రెండుసార్లు గెలుపు గుమ్మముదాకా వచ్చి తప్పిపోయెను. ఫిబ్రవరిలో ఫీనిక్సు పేరిట జరుగు పోటీయందు చివరి దినమున 17వ గుంటయొద్ద బంతి నీటిలో పడెను. జూనులో మరియొక పోటీయందు కడపటి గుంటయొద్ద ఇసుకలో చిక్కెను. 2023 సెప్టెంబరు 17న నాపా అను ఊరిలో మొదటి గెలుపు గెలిచెను.

ఇప్పుడు విరామము సంగతి. ఈ ఆటగాండ్రు సంవత్సరములో చాలభాగము ఊరూరు తిరిగి ఆడుదురు. డిసెంబరు దినములలో వారికి తెరపి దొరకును. జనవరిలో మరల పోటీ మొదలగును. ఆ కొద్దివారముల విశ్రాంతికే చేతులు మారునా యని మేమును మొదట అనుకొంటిమి. అయితే ఏరువాకనాటి యెడ్లను చూచినవారికి ఇది వింత కాదు. (ట్రాక్టర్లు వచ్చిన తరువాత పుట్టిన పిల్లలు తాతలనడిగి తెలిసికొందురు గాక.) వేసవి అంతయు కొట్టములో మేసి బలిసిన జత, తొలి వానకు నల్లరేగడిలో అరక కట్టగానే పది సాళ్ళకే రొప్పును. వాటికి బలము లేక కాదు, కాడి అలవాటు తప్పినందున. తెలివిగల రైతు మొదటి దినమున ప్రొద్దెక్కకముందే అరక విప్పును. మిరపకోతకు ఏటేటా పోవు మన స్త్రీలును ఇదే చెప్పుదురు. మొదటి వారము వ్రేళ్ళు మండును, నడుము పట్టును. మూడవ వారమునకు చేయి దానంతట అదే పోవును.

వైద్యులు దీనిని విడమరచి చెప్పుచున్నారు. అభ్యాసము మానినవానికి ముందుగా తగ్గునది దమ్ము. రెండు మూడు వారములలోనే తేడా తెలియును. కండబలము అంతకంటె నిదానముగా తగ్గును. నేర్చిన విద్య అన్నిటికంటె ఎక్కువ కాలము నిలుచును. సైకిలు నేర్చినవాడు పదేండ్లకును మరువడు గదా. అయితే విద్య నిలిచినను దాని సమయము తప్పును. ఊపు రవంత ముందో రవంత వెనుకో వచ్చును. పైన చెప్పిన ఒక్క డిగ్రీ అక్కడనే పుట్టును. గోల్ఫులో దూరపు దెబ్బ త్వరగానే తిరిగి వచ్చునట. గుంటకు రెండు మూడడుగుల దూరమున బంతిని మెల్లగా తోయు ఆ చిన్న దెబ్బయే ఆలస్యముగా వచ్చును. దానికి బలముతో పనిలేదు, వ్రేళ్ళలో లెక్క యుండవలెను. పైగా ఊరు మారిన పచ్చిక మారును, పచ్చిక మారిన బంతి దొర్లు వేగము మారును.

మరియొకటి కలదు. అభ్యాసపు నేలమీద ఒక దెబ్బ తప్పిన ప్రక్కనే బుట్టలో ఇంకొక బంతి యుండును. పోటీలో అది యుండదు. కాబట్టి పోటీలోని నిబ్బరము పోటీలోనే తిరిగి రావలెను గాని, ఎన్ని వేల బంతులు కొట్టినను ఇంటియొద్ద రాదు. మేమొకసారి కామెర్లతో రెండు నెలలు మంచముననుండి లేచి ప్రసంగపీఠమెక్కినప్పుడు ఇది తెలిసినది. ఇంట అద్దము నెదుట బాగుగనే చెప్పితిమి. జనము నెదుట సగములో మాట తప్పిపోయెను.

విశ్రాంతియే తప్పని తలంచువారు మనలో కొందరున్నారు. బదరీవృక్షము క్రింద పండుకొనిన ఏలీయాను వారు తలంచుకొనవలెను. అతనికి ముందుగా దొరకినది నిద్ర, రొట్టె, నీళ్ళు. నలువది దినముల నడక ఆ తరువాత.

2024 జనవరి 4 మొదలు 7 వరకు హవాయీ దీవులలో మౌయీ యను దీవియందు, కపాలువా అనుచోట ఆ సంవత్సరపు మొదటి పోటీ జరిగెను. సముద్రపు గాలి వీచు కొండవాలు మైదానమది. సాహిత్ మొదటి దినమున 64 దెబ్బలతో అందరికంటె ముందుండెను. విరామము అతనిని ఏమియు చేయలేదని చూచినవారనుకొనియుందురు. తరువాతి రెండు దినములలో కలిపి 137 ఆయెను. నాలుగవ దినమున మరల 63. మొత్తము 264. ఈ అంకెలను పాఠకులు తీరికగా చూడవలెనని కోరుచున్నాము. తిరిగి వచ్చు ఆట మెట్లెక్కినట్లు రాదు. ఒక దినము వచ్చి రెండు దినములు దాగికొని మరల వచ్చును. రెండవనాటి సాయంకాలమున, ఇక నాకు ఆట రాదని కూలబడిన యెడల ఆ 63 లేకపోయెడిది.

అయినను అతడు గెలువలేదు. 263 దెబ్బలతో, ఒక్క దెబ్బ తేడాతో, క్రిస్ కర్క్ అనునతడు గెలిచెను. ఈ కర్క్ విరామము వేరు విధమైనది. అతడు 2019 మే మాసములో, తాను త్రాగుడుకును మనోవ్యాకులతకును లోబడితినని అందరియెదుట ఒప్పుకొని ఆట విడిచి ఇంటికి పోయెను. కొన్ని మాసములకు తిరిగి వచ్చెను గాని వెంటనే పెద్ద గెలుపు రాలేదు. 2015 తరువాత మరల ఆ స్థాయి గెలుపు అతనికి 2023 ఫిబ్రవరిలో దొరకెను. అనగా తిరిగి వచ్చిన పిమ్మటనే మూడేండ్లకు పైగా పట్టెను. మన పేటలలో సారా మానినవాడు మూడు వారములు తిన్నగా నడచి నాలుగవ వారము తడబడిన, "మేము చెప్పలేదా" అందుము. మేమును అనియున్నాము.

ఆ 2024 ఆగస్టు చివర అట్లాంటా నగరమున సంవత్సరాంతపు పోటీ జరిగెను. ఆ దినములు మనకు మరపురావు. ఆగస్టు 31న కురిసిన వానకు మునేరు పొంగి అయితవరము వద్ద హైదరాబాదు రహదారిమీదికి వచ్చినది అప్పుడే. అదే 31వ తేదీ మూడవ గుంటయొద్ద సాహిత్ బంతి ఇసుకలో పడెను. కొట్టుటకై కర్ర వెనుకకు తీయునప్పుడు అది ఇసుకను తాకరాదని నియమము. తాకినట్లు తనకు తోచినదని అతడే అధికారులకు చెప్పి రెండు దెబ్బల శిక్ష వేయించుకొనెను. అతడు చెప్పకున్న అడుగువారెవరును లేరు. కడకు మూడవవాడుగా నిలిచెను. రెండవవాడైన కాలిన్ మొరికావాకు అతనికి తేడా సరిగా రెండు దెబ్బలే. పోయినది కొద్ది సొమ్ము కాదు. ఆట తిరిగి వచ్చినదా లేదా అని తన్ను తాను కొలుచుకొనువానికి లెక్క సరిగా నుండవలెను గదా. దొంగలెక్క వ్రాసికొనువానికి తన ఆట ఎక్కడ నున్నదో తనకే తెలియదు.

ఇంత చేసినవానికి 2025లో మెడ గాయము వచ్చెను. కొన్ని పోటీలు మానవలసి వచ్చెను. మొదటి 70 మందికి మాత్రమే ప్రవేశముగల ముగింపు పోటీలలో అతనికి చోటు దొరకలేదు. మరల మొదటినుండి మొదలు పెట్టవలసి వచ్చెను.

ఇక మా సంగతి. ఆ యౌవనస్థుని మోకాలు మొదట వాచినప్పుడు వైద్యుడు మూడు నెలలు ఆడవద్దనెను. సంక్రాంతి పోటీ ఎదుటనుండెను, మన జట్టు చివరి ఆటకు చేరియుండెను. "ఊరి పేరు నిలబెట్టు నాయనా" అని మేమే అతని భుజము తట్టి, ప్రార్థన చేసి పంపితిమి. రెండవ సగములో పడెను. లిగమెంటు తెగెను. శస్త్రచికిత్సకు వారి కుటుంబము మిరప డబ్బంతయు పెట్టినది. అతని తల్లి మాతో ఒక్కమాటయు అనలేదు. అనినను బాగుండెడిది. అందుకే ఆ సాయంకాలము అరుగుమీద మాకు నోరు రాలేదు.

వారము దినముల తరువాత మేమే అతని యింటికి వెళ్ళి, తల్లి యెదుట మా తప్పు ఒప్పుకొని, అతనికి ఈ సంగతులన్నియు చెప్పితిమి. అతడంతయు విని, "అయితే ముందు నడక" అనెను. అప్పటినుండి తెల్లవారుజామున మునేటి గట్టుమీద నడక, తరువాత మెల్లని పరుగు, తరువాత ఒంటరిగా గీతల మధ్య అడుగులు. శస్త్రవైద్యుడు ఒప్పుకొనిన తరువాతనే ఇతరులతో కలిసెను.

క్రిందటి శనివారము అభ్యాసపు ఆటకు మేమును వెళ్ళితిమి. మొదటి కూతలో ఎవరిని తాకకయే తిరిగి వచ్చెను. రెండవదానిలో ఒకనిని తాకెను. పిల్లలు కేకలు వేసిరి. మూడవసారి వెళ్ళుమని జట్టువారందరు పిలిచిరి. మావైపు ఒకసారి చూచెను. మేము నోరు మెదపలేదు. "ఈ రోజుకు చాలురా" అని వారితో చెప్పి, గీత యివతలకు వచ్చి కూర్చుండి, త్రాగుటకు నీళ్ళడిగెను.